ఒక స్టాలియన్ పక్కన నడవడం నేర్చుకున్నాను

పిడుగు అనే స్టాలియన్ (వృషణాలు తీయించని మగ గుర్రం) బాధ్యత నాకు అప్పగించే నాటికి గుర్రాలతో నాకు ఆరేళ్ల పరిచయం ఉంది. ఆడ గుర్రాలకూ గెల్డింగులకూ (వృషణాలు తీయించిన మగ గుర్రాలకూ) దాణా పెట్టడం, గొరపంతో ఒళ్లు తోమడం, డెక్కల్లో ఇరుక్కున్న రాళ్లు తీయడం, జీను కట్టి తిప్పడం, గుర్రపు పిల్లలకు మొదటిసారి తలకు హాల్టర్ అనే పట్టీ తొడిగి అలవాటు చేయడం వంటి పనులన్నీ చేతికి వచ్చేశాయన్న నమ్మకం కుదిరింది. ఆ నమ్మకంతోనే మొదటి రోజు పిడుగు గది గడియ తీసి, మరే గుర్రం దగ్గరికైనా వెళ్లినట్టే నేరుగా లోపలికి నడిచాను. అది మూల నుంచి ఇటు తిరిగి, మెడను విల్లులా వంచి, నా ఛాతీకి జానెడు దూరంలో ముక్కు పెట్టి బుస్సుమని గాలి వదిలింది. చెవులు వెనక్కి వాలలేదు, పళ్లు బయటపడలేదు. అయినా నా కాళ్లు వాటంతట అవే రెండడుగులు వెనక్కి వేశాయి. వెంటనే అది రెండడుగులు ముందుకు వేసింది. నేను బయటపడి గడియ పెట్టేసరికి మా ఇద్దరిలో ఎవరు ఎవరిని జరపగలరన్న సంగతి దానికి తెలిసిపోయింది. ఆ కొద్ది క్షణాల్లో అది నేర్చుకున్నదాన్ని మరిపించడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

ఆ శాలలో ముప్పై ఏళ్లకు పైగా ఇలాంటి గుర్రాలను చూస్తున్న పెద్దాయన ఒకరు ఉండేవారు. ఆయన్ను నేను బాబాయి గారూ అని పిలిచేదాన్ని. జరిగినదంతా ఎదుటి అరుగు మీద కూర్చుని చూసిన ఆయన, "భయపడ్డందుకు ఏమీ అనను అమ్మా, భయం ఉండాల్సిందే. వాడు నిన్నొక ప్రశ్న అడిగాడు, నువ్వు కాళ్లతో జవాబు చెప్పావు. ఆ జవాబు తప్పు, అంతే" అన్నారు. ఆ తరువాత వారం రోజులపాటు పిడుగును ముట్టుకోవద్దనీ, ఆవరణ బయట కూర్చుని కనిపించింది కనిపించినట్టు రాసుకోమనీ చెప్పారు. ఆరేళ్ల అనుభవం ఉన్నదాన్ని, నోటు పుస్తకం పట్టుకుని కంచె పక్కన కూర్చోవడం నాకు చిన్నతనంగా అనిపించింది. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది, దాన్ని అప్పుడప్పుడు తిరగేస్తుంటాను.

మగ గుర్రం అని మనం ఒక్క ముక్కలో అనేస్తాం కాని, వృషణాలు తీయించిన గుర్రానికీ తీయించని గుర్రానికీ ఉన్న తేడా ఎద్దుకూ ఆబోతుకూ ఉన్న తేడా వంటిది. మొదటిది గెల్డింగ్, రెండోది స్టాలియన్. వృషణాల నుంచి వచ్చే టెస్టోస్టిరాన్ అనే హార్మోను వల్ల స్టాలియన్ మెడ పైభాగం దళసరిగా పెరుగుతుంది, దవడలు బరువెక్కుతాయి, తోటి గుర్రాల పట్లా మనుషుల పట్లా స్పందించే వేగం మారుతుంది. నోట్లో కూడా ఒక తేడా ఉంది. ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఉండే ఖాళీలో మగవాటికి నాలుగైదేళ్ల వయసులో కోరపళ్లు వస్తాయి. ఆడ గుర్రాల్లో చాలావాటికి అవి రానేరావు, వచ్చినా చిన్నవిగా ఉంటాయి. ఆ పళ్లు మేతకు పనికివచ్చేవి కావు. పగ్గం చేతిలో ఉన్న ప్రతి క్షణం మన పక్కన నడుస్తున్న జంతువుకు నోరు కూడా ఒక ఆయుధమేనని గుర్తుపెట్టుకోవడానికి ఆ సంగతి తెలిసి ఉండటం మంచిది.

స్వేచ్ఛగా తిరిగే మందల్లో స్టాలియన్ చేసే పనిని అర్థం చేసుకుంటే శాలలో దాని ప్రవర్తన సగానికి సగం అర్థమవుతుంది. సాధారణంగా ఒక స్టాలియన్, కొన్ని ఆడ గుర్రాలు, వాటి పిల్లలు కలిసి ఒక కుటుంబంగా తిరుగుతాయి. ఆడ తోడు దొరకని కుర్ర మగవి వేరే గుంపులుగా ఉంటాయి. మందను ఎటు నడిపించాలో స్టాలియనే నిర్ణయిస్తుందని నేను అనుకునేదాన్ని. నిజానికి చాలాసార్లు ముందు కదిలేది అనుభవమున్న ఆడ గుర్రమే. స్టాలియన్ వెనక ఉండి, తల నేల దాకా దించి, చెవులు వెనక్కి అదిమిపెట్టి, వెనకబడిన వాటిని తోలుతుంది, పరాయి మగవాటిని ఆపుతుంది. అంటే రోజంతా ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరు దగ్గరికి వస్తున్నారు, ఎవరు పక్కకు తప్పుకున్నారు అన్నది లెక్కపెట్టడమే దాని వృత్తి. అలాంటి జంతువు నా రెండడుగులను గమనించకుండా ఎలా ఉంటుంది?

నోటు పుస్తకంలో మొదటి రెండు రోజుల పేజీల నిండా పేడ గురించే ఉంది. పిడుగు ఆవరణలో ఈశాన్య మూల ఒకే చోట పేడ వేసేది. ముందుగా పాత కుప్ప దగ్గరికి వెళ్లి దీర్ఘంగా వాసన చూసేది, తరువాత దాని మీదుగా రెండడుగులు ముందుకు వేసి, తోక ఎత్తి సరిగ్గా ఆ కుప్ప మీదే కొత్తది వేసి, మళ్లీ వెనక్కి తిరిగి వాసన చూసుకునేది. ఇంకో గుర్రం ఆ దారిన వెళ్లిన రోజున ఈ తతంగం నాలుగైదుసార్లు జరిగేది. స్టాలియన్లు ఒకదానికొకటి ఇలాగే కబురు పెట్టుకుంటాయని, ఎదురుపడి కొట్టుకోవలసిన అవసరం చాలావరకు ఈ కుప్పల వద్దే తీరిపోతుందని బాబాయి గారు చెప్పారు. శుభ్రత పేరుతో నేను ఆ మూలను పూర్తిగా ఊడ్చిన రోజున పిడుగు సాయంత్రం దాకా కంచె వెంబడి తిరుగుతూనే ఉంది. అప్పటి నుంచి ఆవరణ శుభ్రం చేసేటప్పుడు ఆ మూలలో కొద్దిగా వదిలేయడం అలవాటు చేసుకున్నాను.

పై పెదవిని పైకి మడిచి, మెడ చాచి, గాలిలోకి పళ్లు చూపించడం మరొకటి. చూసేవాళ్లు గుర్రం నవ్వుతోందని ముచ్చటపడతారు. ఆడ గుర్రం మూత్రంలోని వాసన కణాలను ముక్కు అడుగున ఉండే జేకబ్సన్ అవయవం వైపు పంపించుకునే పద్ధతి అది. ఆ ఆడ గుర్రం ఎదకు వచ్చిందో లేదో స్టాలియన్‌కు తెలిసే దారుల్లో ఇదొకటి. ఈ భంగిమలో ప్రమాదమేమీ లేదు కాని, చుట్టుపక్కల ఎక్కడో ఎదకు వచ్చిన గుర్రం ఉండవచ్చన్న కబురు మనకూ అందుతుంది. పగటి వెలుగు పెరిగే కాలంలో ఆడ గుర్రాలు సుమారు 21 రోజులకొకసారి ఎదకు వచ్చి, ఐదు నుంచి ఏడు రోజుల పాటు ఆ స్థితిలో ఉంటాయి. స్టాలియన్‌కు ఏడాది పొడవునా సామర్థ్యం ఉన్నా, దాని ఉత్సాహం కూడా ఆ వెలుగుతోపాటే పెరుగుతుంది. చలికాలంలో బుద్ధిమంతుడని పేరు తెచ్చుకున్న గుర్రాన్ని చూసి రోజులు పొడుగయ్యాక కూడా అదే మర్యాద ఆశించడం అమాయకత్వం.

వారం చివరికి నాకు కనిపించిన ముఖ్యమైన విషయం ఏమిటంటే, ముందుగా చెప్పకుండా పిడుగు ఏ పనీ చేయదు. నేను ఆకస్మికం అనుకున్నవన్నీ నేను చదవకుండా దాటేసిన మాటలే. ముందు ఒక చెవి తిరుగుతుంది. తరువాత ముక్కుపుటాల పైన చర్మం ముడతలు పడుతుంది, పెదవులు బిగుసుకుంటాయి, తోక ఒక్కసారి విసురుగా కదులుతుంది, మెడ ఎత్తు మారుతుంది. కీచుమని అరవడం, ముంగాలితో నేలను గట్టిగా కొట్టడం ఆ తరువాతి మెట్లు. కరవడం, ముందరి కాళ్లు ఎత్తి కొట్టడం చివరివి. ఈ మెట్లన్నీ రెండు మూడు సెకన్లలో కూడా గడిచిపోవచ్చు, అది నిజమే. అందుకే మొదటి మెట్టు దగ్గరే కల్పించుకోవడం చేతకానివాడికి చివరి మెట్టు దగ్గర బలం ఉన్నా లాభం లేదు. పిడుగు బరువు 480 కిలోలు, నా బరువు 58 కిలోలు. బలాబలాల లెక్క అక్కడితో అయిపోయింది.

ఇంత చూసి, ఇంత రాసుకుని కూడా మూడో వారంలో కాటు తిన్నాను. దాన్ని కాస్త వివరంగానే చెప్పాలి. చేత్తో ఏదీ తినిపించవద్దని బాబాయి గారు మొదటి రోజే చెప్పారు. ఇవ్వదలచుకుంటే తొట్టిలో వేయమన్నారు. నేను ఆయన లేనప్పుడు రెండుసార్లు చిన్న క్యారెట్ ముక్క అరచేతిలో పెట్టి ఇచ్చాను. మూడో రోజు నుంచి పిడుగు నా జేబు వాసన చూడటం, చొక్కా చేతి అంచును పెదవులతో లాగడం మొదలుపెట్టింది. నాకది ముద్దుగా ఉండి, మూతిని చేత్తో పక్కకు నెట్టాను. అది మళ్లీ వచ్చింది, మళ్లీ నెట్టాను. నాలుగు రోజులు ఇదే సాగింది. ఐదో రోజు హాల్టర్ తొడుగుతుండగా కుడి ముంజేతిని చొక్కాతో సహా పట్టేసింది. ఎముక మీద పళ్లు ఆనిన స్పర్శ నాకు ముందు తెలిసింది, నొప్పి తరువాత తెలిసింది. చేతిని లాక్కుని, కళ్లు తిరుగుతున్నంత కోపంతో దాని మెడ మీద ఒక్కటి వేశాను. అప్పటికి అది వదిలేసి, తల ఎత్తి నిలబడి ఉంది.

చర్మం తెగి, చుట్టూ అరచేయంత మేర నల్లగా కమిలింది. సబ్బు నీళ్లతో చాలాసేపు కడిగి, ధనుర్వాతం సూది వేయించుకున్నాను. గుర్రపు పేడ కలిసిన మట్టిలో ఆ క్రిముల బీజాలు ఉంటాయి కాబట్టి ఈ పనిలో ఉన్నవాళ్లు ఆ సూది విషయంలో నిర్లక్ష్యం చేయకూడదు. కట్టు కట్టించుకుని తిరిగి వచ్చాక బాబాయి గారు తీరిగ్గా అన్న మాటలు నాకు కాటు కన్నా బాగా గుర్తున్నాయి. "దెబ్బ ఆలస్యమైంది అమ్మా. కొరికినందుకు కొట్టావని నువ్వనుకుంటున్నావు. వదిలేసి బుద్ధిగా నిలబడితే కొట్టారని వాడనుకుంటున్నాడు. అయినా ఆట మొదలుపెట్టింది నువ్వే కదా." కుర్ర స్టాలియన్లు ఒకదాన్నొకటి మూతి మీద, ముంగాళ్ల మీద కరవబోతూ తప్పించుకుంటూ ఆడుకుంటాయి. మూతిని నెట్టిన ప్రతిసారీ నేను దానికి తోటి కుర్ర గుర్రంలా కనిపించాను. ఆ రోజు నుంచి దాని మూతితో నా చేతికి పని ఉంటే హాల్టర్ తొడగడం వరకే. నిమరాలనిపిస్తే భుజం దగ్గర, మెడ మొదలు దగ్గర గోకుతాను. గుర్రాలు ఒకదానికొకటి గోక్కునే చోటు కూడా అదే. అక్కడ గోకితే అది కరవడానికి కాదు, కళ్లు సగం మూయడానికి అలవాటుపడుతుంది.

ఇక పట్టుకుని నడిపించే విద్య. దొర ముందు, గుర్రం వెనక నిలబడరాదని పెద్దలంటారు. స్టాలియన్ విషయంలో ముందు నిలబడటమూ అంతే ప్రమాదం, ఎందుకంటే అది ముందరి కాళ్లతో కొట్టే జంతువు. గుర్రానికి తన చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర కనిపిస్తుంది కాని, నుదుటికి సరిగ్గా ఎదురుగా కొద్ది చోటు, తోక వెనక కొద్ది చోటు కనిపించవు. ఎడమ భుజానికీ తలకూ నడుమ, చేయి చాచినంత దూరంలో నడిస్తే మనం దానికి కనిపిస్తాం, దాని చెవి, కన్ను, ముక్కు మనకు కనిపిస్తాయి. పగ్గం కనీసం మూడు మీటర్లు ఉండాలి. మిగిలిన తాడును ఎడమ చేతిలో మడతలుగా పట్టుకోవాలే తప్ప చేతికి చుట్టుకోకూడదు. చుట్ట బిగిస్తే వేళ్లు పోతాయి, గుర్రం పరుగందుకుంటే మనిషి ఈడ్చుకుపోతాడు. తోలు చేతి తొడుగులు, బూట్లు, శిరస్త్రాణం లేకుండా బాబాయి గారు నన్ను ఒక్క రోజు కూడా పగ్గం ముట్టుకోనివ్వలేదు. తాను మాత్రం టోపీ కూడా లేకుండా తిరిగేవారు, ఆ విషయంలో ఆయనతో నాకు ఇప్పటికీ పేచీయే.

ముక్కు మీదుగా వేసే గొలుసు గురించి అభిప్రాయ భేదాలున్నాయి. మేము మొదటి మూడు నెలలు వాడాం. గొలుసుతో ఒక్క కుదుపు ఇచ్చి వెంటనే వదలడం తెలిసినవాళ్ల చేతిలో అది భద్రతకు పనికివస్తుంది. భయంతో బిగించి పట్టుకునే నా వంటి కొత్తవాళ్ల చేతిలో అదే గుర్రం వెనుక కాళ్ల మీద లేవడానికి కారణమవుతుంది. గొలుసు వేసి ఉండగా గుర్రాన్ని ఎక్కడా కట్టేయకూడదన్న విషయంలో మాత్రం రెండో మాట లేదు. వెనక్కి లాగిందంటే ముక్కు ఎముకకే దెబ్బ తగులుతుంది. మూడు నెలల తరువాత దాన్ని తీసి మేకుకు తగిలించాను, మళ్లీ అవసరం రాలేదు.

మేము నిజంగా సాధన చేసింది ఒకే ఒక్క పని, వెనక్కి అడుగు వేయించడం. పగ్గాన్ని ఛాతీ వైపు తేలిగ్గా నొక్కి పట్టుకోవడం, దాని బరువు వెనుక కాళ్ల మీదికి మారిన క్షణంలో పూర్తిగా వదిలేయడం, అంతే. గుర్రం ఒత్తిడి వల్ల నేర్చుకోదు, ఒత్తిడి తొలగిన క్షణం నుంచి నేర్చుకుంటుంది. నేను ఒక సెకను ఆలస్యంగా వదిలితే, ఆ సెకనులో అది తల విదిలించి ఉంటే, తల విదిలించడమే సరైన జవాబని నేర్చుకుంటుంది. మొదటి పది రోజులు నేను సరిగ్గా అదే నేర్పాను. బాబాయి గారు నా పక్కన నిలబడి, వదలాల్సిన క్షణంలో నాలుకతో టక్కుమని చప్పుడు చేసేవారు. నా చేయి ఆ చప్పుడుకు అలవాటుపడ్డాక ఆయన చప్పుడు మానేశారు. గది తలుపు దగ్గర, ఆవరణ గేటు దగ్గర, నీళ్ల తొట్టి దగ్గర, రోజుకు ఇరవై ముప్పై సార్లు రెండేసి అడుగులు వెనక్కి వేయించాను. మొదటి రోజు నేను దానికి ఇచ్చుకున్న రెండడుగులను అలా తిరిగి సంపాదించుకున్నాను.

గదిలోకి వెళ్లే పద్ధతి కూడా దానితోపాటే మారింది. బయటి నుంచే పేరు పెట్టి పిలిచి, అది నా వైపు తిరిగి రెండడుగులు వెనక్కి వేసేదాకా గడియ తీయను. లోపలికి వెళ్లాక దానికీ గోడకూ మధ్య నేను ఇరుక్కోకుండా, నాకూ తలుపుకూ మధ్య అది రాకుండా చూసుకుంటాను. తోముతున్నప్పుడు తల కట్టి ఉండాలి, ముడి ఒక్క లాగుకు ఊడేదై ఉండాలి. శాలలో మరో మనిషి లేనప్పుడు పిడుగు గదిలో అడుగుపెట్టను. ఇంకొకటి, తిప్పేటప్పుడు గుర్రాన్ని మన మీదికి కాకుండా మన నుంచి అవతలికి తిప్పాలి. అప్పుడు దాని డెక్కలు మన పాదాలకు దూరంగా పోతాయి.

ఇదంతా ఎంత వరకు ఒంటబట్టిందో నాలుగో నెలలో తెలిసింది. రోజులు పొడుగవుతున్న కాలం. పొద్దున్నే పిడుగును గది నుంచి ఆవరణకు తీసుకువెళుతున్నాను. అదే సమయంలో ఎదకు వచ్చిన ఆడ గుర్రాన్ని మరొకరు అవతలి దారిలో, నాకు ముప్పై మీటర్ల దూరంలో తీసుకువెళుతున్నారు. గాలి అటు నుంచి ఇటు వీస్తోంది. నేను ఆ ఆడ గుర్రాన్ని చూడకముందే పిడుగు ఎడమ చెవి నన్ను విడిచి అటు తిరిగింది. ఆ చెవిని నేను చూశాను, కాని దానికి అర్థం వెతుక్కునేలోపే మెడ కమానులా లేచి, తోక నిటారుగా ఎగిరి, నా చెవులు గింగిరుమనేట్టు సకిలించింది. ఉన్నట్టుండి గుర్రం ఒకటిన్నర రెట్లు పెరిగినట్టు అనిపించింది. మరుక్షణం వెనుక కాళ్ల మీద లేచింది.

లేచిన గుర్రాన్ని కిందికి లాగకూడదు. లాగితే అది పట్టు తప్పి వెనక్కి పడిపోవచ్చు, లేదా కాళ్లు మన మీదే దించవచ్చు. నేను తాడు వదులు చేసి, భుజం పక్కకు జరిగాను. తాడు చేతికి చుట్టుకుని ఉంటే ఆ వదులు చేయడం సాధ్యమయ్యేది కాదు. కాళ్లు నేల తాకగానే, అది మళ్లీ లేవడానికి బరువు కూడగట్టుకునేలోపు, వెనక్కి రెండడుగులు అడిగాను. వేయలేదు. మళ్లీ అడిగాను. ఒక్క అడుగు వేసింది, నేను వదిలేశాను. ఇంకొకటి వేసింది. తరువాత దాని వెనుక భాగాన్ని పక్కకు జరిపిస్తూ చిన్న వలయంలో మూడుసార్లు తిప్పి, ఆడ గుర్రం కనుమరుగయ్యాక గదికి తిరిగి తీసుకువెళ్లాను. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టి ఉండవచ్చు. లోపల పెట్టి గడియ వేశాక నా మోకాళ్లు వణకడం మొదలుపెట్టాయి. తప్పు పిడుగుది కాదు. దారి ఖాళీగా ఉందో లేదో కనుక్కోకుండా బయలుదేరడం నాది. స్టాలియన్‌ను బయటికి తీస్తున్నామని గట్టిగా చెప్పి, అటు నుంచి సరేనన్న మాట విన్నాకే గడియ తీయడం ఆ రోజు నుంచి శాలలో అందరికీ కట్టుబాటయింది.

పక్కన నిలబడి చూసిన ఒకాయన, అంగం బయటికి వచ్చినప్పుడల్లా కర్రతో చిన్న దెబ్బ వేస్తే ఈ పొగరు తగ్గుతుందని సలహా ఇచ్చారు. ఇది చాలాచోట్ల వినిపించే మాటే కాబట్టి చెబుతున్నాను, ఇది తప్పు. ఆరోగ్యంగా ఉన్న స్టాలియన్‌కు విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా రోజుకు పలుసార్లు అలా జరగడం సహజం. దానికి శిక్షిస్తే గుర్రం మానుకోదు, చిరాకు పెంచుకుంటుంది, అవసరమైనప్పుడు ఆడ గుర్రాన్ని దాటడానికి, అంటే జతకట్టడానికి కూడా జంకుతుంది. నడుస్తున్నప్పుడు దాని ధ్యాస నా మీద ఉందా లేదా అన్నదే నాకు కావలసిన విషయం.

ఒంటరితనం సంగతి నేను ఆలస్యంగా గ్రహించాను. ప్రమాదం అన్న పేరుతో స్టాలియన్‌ను నాలుగు గోడల మధ్య పెట్టి, రోజుకు గంట మాత్రమే బయటికి తీయడం చాలాచోట్ల పరిపాటి. మందలో బతకడానికి పుట్టిన జంతువుకు అంతకన్నా పెద్ద శిక్ష లేదు. తలుపు దగ్గర నిలబడి అటూ ఇటూ ఊగడం, చెక్క అంచును పళ్లతో పట్టి గాలి మింగడం, మరీ ముదిరితే తన డొక్కను తానే కరుచుకోవడం వంటి అలవాట్లు పట్టుకుంటాయి. పిడుగు ఊగేది. స్విట్జర్లాండ్‌లోని అవాంష్‌లో ఉన్న జాతీయ అశ్వశాలలో సంతానోత్పత్తికి వాడే స్టాలియన్లను ఆ కాలం ముగిశాక ఒకే పచ్చికబయలులో కలిపి వదిలి గమనించారు. మొదటి కొద్ది రోజుల్లోనే వాటి తగవులు బాగా తగ్గిపోయాయని 2013లో ప్రచురించారు. ఆడ గుర్రాలు దరిదాపుల్లో లేకపోవడం, స్థలం విశాలంగా ఉండటం అక్కడ ముఖ్యం. మాకు అంత స్థలం లేదు. పక్క గదిలో వయసు మీరిన ఒక గెల్డింగ్‌ను ఉంచి, నడిమి గోడ పై భాగం తీయించి, ముక్కూ మెడా ఆనించుకునేందుకు వీలుగా నిలువు కమ్మీలు పెట్టించాం. మొదటి రెండు రోజులు కీచు అరుపులతో శాల హోరెత్తింది. నెల తిరిగేసరికి ఆ రెండూ కమ్మీల సందులోంచి ఒకదాని మెడ ఒకటి గోక్కుంటూ కనిపించాయి. ఊగడం పూర్తిగా పోలేదు కాని, దాణా వేళకు మాత్రమే పరిమితమైంది.

దాటించే పని గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది నేర్చుకున్నవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవలసిందే. ఆ పనికి మేము వేరే తోలు హాల్టర్ వాడతాం, వేరే దారిన తీసుకువెళతాం. నడకకు, డెక్కల పనికి, పశువైద్యుడి పరీక్షకు వాడే హాల్టర్ అందుకు ఎన్నడూ వాడం. ఏ హాల్టర్ తొడిగితే ఏ పనో పిడుగుకు నాలుగోసారికే తెలిసిపోయింది. నడక హాల్టర్ ఉన్నప్పుడు ఆడ గుర్రాన్ని చూసినా త్వరగా సర్దుకోవడానికి అది ఎంతో ఉపయోగపడింది. గట్టి అడ్డుగోడ అవతల నుంచి ముందు పరిచయం చేసి, ఆడ గుర్రం ఒప్పుకుంటోందని తేలాకే దగ్గరికి తీసుకురావాలి. వెనక నుంచి కాకుండా పక్క నుంచి రానివ్వాలి. పట్టుకున్న ఇద్దరూ గుర్రాలకు ఒకే వైపున నిలబడాలి. ఏదైనా తేడా వస్తే ఇద్దరూ తలలను తమ వైపు తిప్పుకుంటారు, అప్పుడు వెనుక కాళ్లు అవతలి వైపుకు పోతాయి. చెరో వైపు నిలబడితే ఒకరిని కాపాడబోయి మరొకరి మీదికి తన్ను తెచ్చినట్టవుతుంది.

ఆ ఏడాది చూలు కట్టిన ఆడ గుర్రం సుమారు పదకొండు నెలలకు మగ పిల్లను కన్నది. తండ్రి మెడ, తండ్రి నడక. ఏడాది దాటేసరికి తోటి పిల్లల మీద ఎక్కడం, కంచె వెంబడి తల దించి తోలడం మొదలైంది. ఏడాదిన్నర నాటికి, కొన్నిసార్లు అంతకు ముందే, మగ పిల్లకు గర్భం చేసే శక్తి వస్తుంది కాబట్టి దాన్ని ఆడవాటి నుంచి వేరు చేశాం. అంత అందమైన పిల్లను స్టాలియన్‌గానే ఉంచాలని శాలలో అందరూ అన్నారు. పిడుగుతో నెగ్గుకొచ్చాను కాబట్టి నేనూ అదే అంటానని ఎదురుచూశారు. నేను వద్దన్నాను. దానికి వేరే ఆవరణ కట్టగలమా, దాన్ని చూసుకోవడానికి రెండో మనిషి ఉన్నాడా, దాని సంతానం నిజంగా ఎవరికైనా కావాలా అని అడిగితే ఒక్కదానికీ గట్టి జవాబు రాలేదు. జవాబు లేనప్పుడు ఆ గుర్రం బతుకంతా నాలుగు గోడల మధ్యే గడుస్తుంది. బాబాయి గారు ఏమీ అనలేదు, తల మాత్రం ఊపారు.

పశువైద్యుడు వచ్చి మత్తు ఇచ్చి వృషణాలు తీశారు. ఆ తరువాత వాపు దిగడానికి రోజూ నడిపించాం. నాళాల్లో మిగిలిపోయిన వీర్యకణాల వల్ల కొంతకాలం గర్భం చేసే అవకాశం ఉంటుంది కాబట్టి, మరి కొన్ని వారాలు ఆడవాటితో కలపలేదు. హార్మోను త్వరగానే పడిపోతుంది కాని, నేర్చుకున్న అలవాటు అంత త్వరగా పోదు. కంచె వెంబడి తోలడం ఇంకో మూడు నెలలు సాగి, ఆ తరువాత సద్దుమణిగింది. ఇప్పుడది మిగతా గెల్డింగులతో కలిసి పగలంతా బయటే మేస్తుంది. ముంజేతి మీద కాటు మచ్చ తెల్లబడింది. పిడుగు గది ముందు నేను ఇప్పటికీ ముందుగా పేరు పెట్టి పిలుస్తాను. అది ఇటు తిరిగి, కమ్మీల అవతలి ముసలి గెల్డింగ్ వైపు ఒక చెవి ఉంచి, రెండడుగులు వెనక్కి వేశాక గడియ తీస్తాను.